పేరు లేని స్లైడు

దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఇప్పుడూ లేదు. ఈ సంగతి చెప్పిన ప్రతిసారీ ఎదుటివాళ్ళు కళ్ళు పెద్దవి చేసుకుని, "అయితే ఇప్పుడు నమ్ముతున్నారన్నమాట" అంటారు. అన్నమాటా లేదు, ఉన్నమాటా లేదు. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను. వినేవాళ్ళు దాన్ని నా నమ్మకాల ఖాతాలో వేయకుండా ఉంటే చాలు.

నేను ప్రభుత్వ ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. మలేరియా విభాగం. ఉద్యోగమంతా మైక్రోస్కోపు మీద వంగే గడిచింది. వేలు గుచ్చి, గాజు పలక మీద రక్తం చుక్క పూసి, రంగు వేసి చూస్తే మలేరియా క్రిమి ఉంటే కనిపిస్తుంది, లేకపోతే కనిపించదు. ఆ పలకనే మేము స్లైడు అంటాం. రోగి అబద్ధం చెప్పొచ్చు, డాక్టరు పొరపాటు పడొచ్చు. స్లైడుకు ఆ రెండూ చేతకావు. నా చదువు, నా బుద్ధి, నా మొండితనం అన్నీ ఆ పలక దగ్గరే తయారయ్యాయి.

మా ఆయన దేవదానం ఆర్టీసీలో కండక్టరుగా చేశాడు. ఆయనకు తలలు లెక్కపెట్టడం ఒక జబ్బు. కిక్కిరిసిన బస్సులో టికెట్టు తీసుకోనివాడు ఎక్కడ నక్కాడో వెనక మెట్టు మీద నుంచే చెప్పేవాడు. రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. పెళ్ళి పందిట్లో కూర్చున్నా, చర్చిలో కూర్చున్నా పెదవులు కదులుతూ ఉంటాయి. ప్రార్థన చేస్తున్నాడని అందరూ అనుకుంటారు. నాకు తెలుసు, లెక్కపెడుతున్నాడని.

మా చర్చి సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఉద్యోగాలు అయిపోయి, పిల్లల బాధ్యతలు తీరిన దంపతులు సొంత ఖర్చుతో వేరే దేశం వెళ్ళి, ఒకటిన్నర ఏడాది చేతనైన సేవ చేసి రావచ్చు. ఇద్దరూ ఎక్కడికి వెళ్ళినా కలిసే వెళ్ళాలి, అది మొదటి నియమం. మేము పేర్లిచ్చాం. పాస్‌పోర్టులు తీసుకున్నాం. ఆఫ్రికాలో ఏదో ఊరన్నారు. కల్లూరులో మా వీధి వీధంతా వచ్చి వీడ్కోలు చెప్పి, భోజనాలు కూడా చేసి వెళ్ళింది. తర్వాత వీసా రాలేదు.

ఇంట్లోంచి బయటికి రావాలంటే సిగ్గేసే పరిస్థితి. అప్పుడు మా సంఘం పెద్ద అయ్యగారు ఫోన్ చేసి, చర్ల అవతల అడవి గూడేల్లో జ్వరాలు ఎక్కువగా ఉన్నాయి, అక్కడికి వెళ్తారా అని అడిగారు. మా ఆయన నా వైపు చూశాడు. వెళ్తామని నేనే చెప్పాను. మా తమ్ముడైతే, "అరవై దాటినంక అడవికి పోతరా ఎవరన్నా? అక్కా, నీకు పిచ్చిగిట్ల పట్టిందా?" అని నాలుగు రోజులు ఫోన్లో తిట్టాడు. తిట్టించుకున్న కొద్దీ నాకు పట్టుదల పెరిగింది.

పాస్‌పోర్టులు ఖాళీగానే ఉండిపోయాయి. కానీ మొదటి వారంలోనే నాకు ఒకటి తెలిసొచ్చింది, పరదేశానికి వెళ్ళాలంటే విమానమే ఎక్కనక్కర్లేదని. పొద్దున కల్లూరులో బయలుదేరితే సాయంత్రానికి చేరిపోయే చోట, ఒకప్పటి మా జిల్లాలోనే, నాకు ఒక్క మాట అర్థం కాలేదు. అక్కడ మాట్లాడేది కోయ. ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు. నా తెలుగు వాళ్ళకు ఎంత పరాయిదో, నా చెప్పులూ నా కళ్ళజోడూ కూడా అంతే పరాయివి. పిల్లలు నన్ను చూసి పరిగెత్తి దాక్కునేవాళ్ళు.

మతం మార్చడానికి వెళ్ళారా అని అడిగేవాళ్ళకు ఇక్కడే చెప్పేస్తాను. నేను వేళ్ళు గుచ్చడానికి వెళ్ళాను. మా ఆయన ఎవరైనా అడిగితే ప్రార్థన చేసేవాడు, అడగకపోతే పల్లీపట్టీలు పంచేవాడు. అడిగినవాళ్ళు తక్కువ, పల్లీపట్టీలు తిన్నవాళ్ళు ఎక్కువ. ఆయనకు దాని గురించి ఏ బెంగా లేదు.

మేము పనిచేసే తీరు కొంచెం వివరంగా చెప్పాలి. తర్వాత జరిగినదంతా దాని మీదే ఆధారపడి ఉంది.

పీహెచ్‌సీ డాక్టరుకు ముందే చెప్పి ఒక గూడేనికి వెళ్తాం. మా ఆయన ప్యాకెట్లోంచి కొత్త పలక తీస్తాడు, అంచున నంబరు వేస్తాడు, పుస్తకంలో పేరు రాస్తాడు, ఆ పలకను నా ముందు పెడతాడు. ఆ తర్వాత మనిషి చెయ్యి తను పట్టుకుని నాకు అందిస్తాడు. అప్పుడే నేను కొత్త సూది విప్పి గుచ్చుతాను. ఎడమ చేతి ఉంగరపు వేలు, చివర కొంచెం పక్కగా. నడిమధ్యన గుచ్చితే ఎక్కువ నొప్పి. రక్తం పూసి, ఆరబెట్టి, చెక్కపెట్టెలో పెడతాను. వాడిన సూది డబ్బాలో పడుతుంది. ఈ వరుస ఎప్పుడూ మారదు. నంబరు లేని పలక నా చేతికి వచ్చే దారి లేదు.

ఇంకొక్కటి. పలక మీద మందంగా పూసే చుక్కను అందరూ గుండ్రంగా తిప్పుతారు. నాకు మొదటి నుంచీ చదరంగా వస్తుంది. ముగ్గు మొదలుపెట్టి వదిలేసినట్టుంటుందని ఆఫీసులో ఎగతాళి చేసేవాళ్ళు. పై అధికారులు పలకను చూడగానే, ఇది రత్నమ్మ పూసిందని పేరు చూడకుండా చెప్పేవాళ్ళు.

ఆ రోజు వెళ్ళింది వాగు అవతలి గూడేనికి. వానలు మొదలై కొన్నాళ్ళయింది. వాగు మోకాలి లోతుకు దిగి దాటాం. పాత ప్యాకెట్టు తడిసిందని కొత్త పలకల ప్యాకెట్టు అక్కడే, అందరి ముందూ విప్పాను. మాకు మాట సాయం చేసేది జోగమ్మ. ఆ గూడెం మనిషే, చర్ల సంతకు వెళ్ళొచ్చి తెలుగు నేర్చుకుంది. గూడెం పెద్ద ఉంగయ్య ఇప్పచెట్టు కింద మంచం వేయించి, చిన్నా పెద్దా అందర్నీ పిలిపించాడు.

మధ్యాహ్నానికి అందరివీ తీయడం అయిపోయింది. ఎండ బాగా ఉంది. నా మైక్రోస్కోపు పాతకాలపుది, కింద అద్దం ఉంటుంది, కరెంటు అక్కర్లేదు. తొందరగా ఎక్కే రంగు వేసి అక్కడే చూడ్డం మొదలుపెట్టాను. ఇద్దరు పిల్లలకు కొద్దిగా కనిపించింది. వాళ్ళకు మందు మొదలుపెట్టాం. మిగతావాళ్ళకు ఏమీ లేదు. పెట్టె ఖాళీ అవుతోంది, ఇంటికి వెళ్ళి అన్నం తినొచ్చు అనుకుంటున్నాను.

పెట్టెలో చివరగా ఇంకో పలక ఉంది. దాని అంచున నంబరు లేదు.

కటకం కింద పెట్టి చూశాను. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. ఎక్కడ చూసినా ఫాల్సిపేరం, ప్రాణం తీసే రకం. ఒక్కో రక్తకణంలో ఉంగరాల్లాంటి క్రిములు రెండేసి మూడేసి. ఉద్యోగంలో ఉండగా అంత నిండిన రక్తం చూసిన సందర్భాలు తక్కువే, చూసినవాళ్ళలో బతికినవాళ్ళు ఇంకా తక్కువ. అంత విషం ఒంట్లో ఉన్న మనిషి లేచి నిలబడడమే కష్టం. వరుసలో వచ్చి, మంచం మీద కూర్చుని, వేలు చాచడం జరిగే పని కాదు.

చుక్క మాత్రం చదరంగా ఉంది. అది నేను పూసిన చుక్కే.

మా ఆయన్ని పిలిచి, నంబరు వేయకుండా పలక ఎందుకిచ్చావని కేకలేశాను. ఆయనకు కోపం రాదు, ఆ రోజు వచ్చింది.

"నంబర్ ఎయ్యకుంట నీకు ఒక్క పలక గూడ ఇయ్యలే రత్నం. టికెట్ కొట్టకుంట నేనెవర్నన్న ఎక్కించిన్నా ఎప్పుడన్న?"

పుస్తకంలో పేర్లు లెక్కపెట్టాడు. నంబర్లున్న పలకలు లెక్కపెట్టాడు. రెండూ సరిపోయాయి. తర్వాత డబ్బాలో వాడిన సూదులు లెక్కపెట్టాడు. పేర్ల కంటే ఒకటి ఎక్కువ ఉంది. మళ్ళీ లెక్కపెట్టాడు. సూది ఒకటి ఎక్కువే. డబ్బా మూత పెట్టి నా మొహంలోకి చూశాడు. ఉద్యోగ జీవితంలో లెక్క తప్పని మనిషి మొహం అలా అయిపోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

ఆ క్షణంలో నాకు భయం వేయలేదని చెబితే అబద్ధం. కానీ భయం కంటే ముందు ఇంకొకటి వచ్చింది. ఈ పలక ఇక్కడికి ఎలా వచ్చిందన్నది తర్వాత సంగతి. ఇది మనిషి రక్తం. ఆ మనిషి ఎక్కడో ఉండాలి. ఇలా వదిలేస్తే ఒక రోజు, మహా అయితే రెండు రోజులు. అంతకు మించి బతకడం కష్టం.

జోగమ్మను పిలిచి, ఇంకా ఎవరు రాలేదని అడిగాను.

"అందరు వచ్చిన్రమ్మా. గింతే మా గూడెం."

ఉంగయ్యను అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఇంటింటికీ తిరిగాను. తలుపు తీసి చూపించారు, ఎవరూ దాచలేదు. గంపల వెనక, గాదె పక్కన కూడా చూశాను. ఎవరూ లేరు. నా వెనక ఆడవాళ్ళు నవ్వుకుంటున్నారు.

ఎగువన మబ్బు పట్టింది. వాగు పెరిగితే ఆ పూటకు ఆ గూడెంలోనే ఉండిపోవాలి. మా ఆయన నెమ్మదిగా, "పోదామే, ఎల్లుండి మళ్ళ వద్దం" అన్నాడు. నేను వెళ్ళి ఉంగయ్య మంచం మీద కూర్చున్నాను. ఆ మనిషిని చూపించేదాకా కదలనన్నాను. వాగు వస్తే రానీ, వాన పడితే పడనీ అన్నాను. జోగమ్మ చేత ఆ మాటను అక్షరం వదలకుండా చెప్పించాను. చివరికి ఆ పలకను ఉంగయ్య కళ్ళ ముందు పెట్టి, ఇది నీ గూడెం మనిషి రక్తం, ఎల్లుండి దాకా ప్రాణం నిలవదు, నీ ఇష్టం అన్నాను.

వాళ్ళు తమలో తాము చాలాసేపు మాట్లాడుకున్నారు. గొంతులు పెరిగాయి. ఆఖరికి జోగమ్మ మా ఆయన చేతిలో ఉన్న పుస్తకం వైపు చెయ్యి చూపించి అంది, "ముందుగాల గది పక్కన పెట్టుండ్రి సారూ."

అప్పుడు అర్థమైంది. పేర్లు రాసుకునే పుస్తకంతో ఎవరొచ్చినా వాళ్ళకు భయం. పేరు రాస్తే తర్వాత ఎవరో వచ్చి, నువ్వు ఎప్పుడొచ్చావు, ఈ భూమి ఎవరిది అని అడుగుతారని. కొత్తగా వచ్చినవాళ్ళను ఎగువన ఉన్న చేలల్లోకి పంపించి, మిగతావాళ్ళు వరుసలో కూర్చున్నారు. మేము మందు ఇవ్వడానికి వచ్చామని వాళ్ళకు తెలుసు. పుస్తకం ఎవరి చేతికి పోతుందో తెలియదు.

మా ఆయన పుస్తకం తీసుకెళ్ళి ఉంగయ్య చేతిలో పెట్టాడు. ఉంచుకోమన్నాడు. ఉంగయ్య దాన్ని చంకలో పెట్టుకుని ముందు నడిచాడు.

పోడు చేలల్లోకి ఎక్కాం. మా వయసువాళ్ళకు అది మంచి నడకే, చాలాసేపు పట్టింది. చేను చివర మంచె లాంటి చిన్న గుడిసె ఉంది. లోపల ఒక ముసలామె ఆకుతో విసురుతోంది. కింద చాప మీద ఒక అమ్మాయి, పేరు సుక్కి. ఇరవై ఉంటాయేమో. నిండు గర్భిణి. ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి ఆ నెలలోనే వచ్చిందట. ఒళ్ళు కాలిపోతోంది. పిలిస్తే పలకడం లేదు. కింది కనురెప్ప లాగి చూస్తే లోపల రక్తం లేనట్టు తెల్లగా ఉంది.

నేను సంచిలోంచి అప్పటికప్పుడు ఫలితం చూపించే కార్డు తీశాను. చెయ్యి పట్టుకున్నాను. ఎడమ చెయ్యి. ఉంగరపు వేలు. సూది విప్పి, గుచ్చబోయి ఆగిపోయాను.

వేలి చివర, కొంచెం పక్కగా, సన్నటి ఎర్రటి చుక్క ఉంది. చుట్టూ ఎండిన రక్తం.

ఆ పనిలో ముసలిదాన్నయ్యాను నేను. నా పోటు నాకు తెలియదా? ముల్లు గుచ్చుకుంటే చర్మం చీలుతుంది. ఇది చీలలేదు. ఆ పూటదే, చుట్టూ నలుపు కూడా రాలేదు. మా ఆయన నా భుజం మీదుగా వంగి చూశాడు.

జోగమ్మ చేత ముసలామెను అడిగించాను. నిన్నటి నుంచీ పిల్ల లేవలేదంది. ఆమె పక్క నుంచి తను కదల్లేదంది. పైకి ఎవరూ రాలేదంది. మేము మొదటివాళ్ళమంది. అడిగిన ప్రతిసారీ అదే చెప్పింది, విసుక్కుంటూ చెప్పింది.

నేను ఆ వేలు వదిలేసి పక్క వేలు గుచ్చాను. కార్డు మీద మలేరియా ఉందని చెప్పే గీత వెంటనే వచ్చింది.

తర్వాత ఆలోచించే తీరిక లేదు. గూడెం నుంచి మంచం తెప్పించి, తలకిందులు చేసి, వెదురు కట్టి డోలీ చేశారు. నలుగురు మగవాళ్ళు మోశారు, మా ఆయన కూడా కాసేపు భుజం ఇచ్చాడు, వద్దన్నా వినలేదు. వాగు తొడల దాకా వచ్చింది. డోలీని తలల మీదికి ఎత్తి దాటించారు. మధ్యలో ఒక గూడెం పక్క నుంచి అడ్డదారిన పడి రోడ్డు మీదికి వచ్చాం. సిగ్నల్ దొరికినచోట ఫోన్ చేస్తే అంబులెన్సు వచ్చింది. చీకటి పడేసరికి సుక్కి భద్రాచలం దవాఖానాలో ఉంది.

బతికింది. చాలా రోజులు పట్టింది కానీ బతికింది. తర్వాత నెలలో ఆడపిల్ల పుట్టింది, బరువు తక్కువ, గొంతు మాత్రం గట్టిది.

తెలివి వచ్చాక జోగమ్మను పక్కన పెట్టుకుని సుక్కిని అడిగాను. ఆ రోజు ఎవరైనా నీ వేలు గుచ్చారా? కిందికి వచ్చావా? కలలో అయినా ఏమైనా చూశావా? ఆ పిల్ల నన్ను వింతగా చూసింది. దాహం వేసిందట. అది తప్ప ఏమీ గుర్తు లేదట. నాకు ఆ జవాబు నచ్చింది. కథ కల్పించలేదు.

ఇక ఇక్కడి నుంచి అందరూ నాకు నచ్చజెప్పడానికి బయలుదేరారు.

నాతో పనిచేసిన ఒకతనికి ఫోన్‌లో చెప్పాను. పాత స్లైడు సరిగ్గా కడగకుండా పెట్టెలో ఉండిపోయి ఉంటుంది మేడం, అన్నాడు. ప్యాకెట్టు ఆ రోజే విప్పానయ్యా అన్నాను. అయితే అలసటలో మీరే ఎవరిదో రెండుసార్లు తీసి ఉంటారు అన్నాడు. ఎవరిది తీశాను? వరుసలో ఉన్నవాళ్ళలో ఆ రక్తం ఎవరికీ లేదు కదా. చివరికి వయసు మీద పడుతోంది, విశ్రాంతి తీసుకోండి అన్నాడు. అతని వయసు నాకంటే రెండేళ్ళే తక్కువ.

ఉంగయ్యకు అసలు ఇందులో వింతే కనిపించలేదు. "మా పెద్దోళ్ళు తెచ్చి పెట్టిన్రు. కడుపుల బిడ్డ ఉన్న పిల్లను ఊకె ఇడుస్తరా?" అన్నాడని జోగమ్మ చెప్పింది. వాళ్ళకు చనిపోయినవాళ్ళు ఇంట్లో మనుషుల కిందే లెక్క. కొత్త చిక్కుడు కాయయినా, కొత్త మామిడి కాయయినా ముందు వాళ్ళకు పెట్టాకే నోట్లో వేసుకుంటారు. ఆ మాట ఆయన అన్నప్పుడు నేను ఎదురు చెప్పలేదు. ఆయన ఇంట్లో కూర్చుని ఆయన పెద్దల్ని కాదనడం మర్యాద కాదు. మనసులో మాత్రం అడిగాను, తెచ్చినవాళ్ళకు నా చదరం ఎలా వచ్చిందని.

మా అయ్యగారు ఆ వారమే వచ్చారు. విని కళ్ళు తుడుచుకున్నారు. "దేవదూత తెచ్చి పెట్టిండమ్మా. రెండు ప్రాణాలు నిలబెట్టిండు దేవుడు" అన్నారు. నాకు ఆయన మీద గౌరవం ఉంది, దేవుడి మీద భక్తి కూడా ఉంది. అయినా నోరు ఊరుకోదు. దేవదూతకు స్లైడు పూయడం ఎవరు నేర్పారండీ అన్నాను. సూది విప్పి, వేలు గుచ్చి, వాడిన సూదిని డబ్బాలో వేయడంతో సహా? దూతకు అంత శక్తి ఉంటే ఆ క్రిమినే చంపి పోవచ్చు కదా, నాకు పని అప్పగించడం ఎందుకు? అయ్యగారు నవ్వారు.

మా ఆయన అందరికంటే అన్యాయం చేశాడు. ఒక సాయంత్రం పక్కన కూర్చుని, "ఏమో రత్నం, నేనే లెక్క తప్పిన్నేమో" అన్నాడు. నా మనశ్శాంతి కోసం అన్నాడని నాకు తెలుసు. అందుకే ఒళ్ళు మండింది. జీవితాంతం లెక్క తప్పని మనిషి నా కోసం తప్పానని ఒప్పుకుంటుంటే, దాన్ని తీసుకుని హాయిగా నిద్రపోవాలా నేను? నీ లెక్క నీదగ్గరే పెట్టుకో, ఇంకోసారి ఆ మాట అనకు అన్నాను. మళ్ళీ అనలేదు.

అయ్యగారు సంఘం మహాసభల్లో మమ్మల్ని సాక్ష్యం చెప్పమన్నారు, అంటే దేవుడు చేసిన మేలును అందరి ముందూ చెప్పడం. వేదిక మీద ఇద్దరమూ నిలబడాలి. చాలామంది వస్తారు, సేవకు పేర్లిచ్చే దంపతులు పెరుగుతారు. చెబుతానన్నాను. అయితే సుక్కి ఎక్కడుందో చెప్పను, ఆ గూడెం పేరు చెప్పను అన్నాను. దానికి ఆయన సరేనన్నారు. అయితే ఇంకొకటి కూడా చెప్పాలన్నాను. మంగి సంగతి.

మంగి సంగతి మీకూ చెప్పాలి. మేము సుక్కిని మోసుకుంటూ పక్క నుంచి వెళ్ళిన గూడెం ఉంది కదా, అది మంగి వాళ్ళది. అంతకు కొన్ని వారాల ముందు మేము అక్కడ రక్తాలు తీశాం. మంగి స్లైడు నేనే చూశాను. శుభ్రంగా ఉంది. ముప్పై లోపు మనిషి, ఇద్దరు పిల్లల తల్లి. ఆ రోజు నాకు కళ్ళు తిరిగితే తన ఇంట్లో కూర్చోబెట్టి జొన్న జావ పోసింది. భాష రాకపోయినా నా కళ్ళజోడు పెట్టుకుని చూసి, పడీ పడీ నవ్వింది. ఆ అడవిలో నన్ను చూసి పారిపోని మొదటి మనిషి ఆమే.

మేము వచ్చేశాక ఆమెకు జ్వరం పట్టింది. మాకు ఎవరూ చెప్పలేదు. మేము సుక్కి డోలీ వెంట ఆ గూడెం పక్కగా పరుగులు పెడుతున్నప్పుడు మంగి ఇంట్లో పడుకుని ఉంది. నాలుగు అడుగులు లోపలికి వేసి ఉంటే చూసేదాన్ని. నా సంచిలో ఇంకా కార్డులు ఉన్నాయి, మందులు ఉన్నాయి. తెల్లారి ఆమె చనిపోయింది. మాకు తెలిసేసరికి మట్టి కూడా చేసేశారు. లక్షణాలు అడిగితే అవన్నీ ఫాల్సిపేరానివే.

అయ్యగారు నెమ్మదిగా, "అది ఇప్పుడెందుకమ్మా? విశ్వాసులు అయోమయంల పడతరు" అన్నారు. నేను అయోమయంలోనే ఉన్నానండీ, నాకు తోడు కొంతమంది ఉంటే మంచిదే కదా అన్నాను. అలా చెప్పడానికి ఆయన ఒప్పుకోలేదు, అది వదిలేసి చెప్పడానికి నేను ఒప్పుకోలేదు. మహాసభలకు మేము వెళ్ళలేదు.

మా గడువు అయిపోయింది. తమ్ముడు కారు పంపిస్తానన్నాడు. వద్దన్నాను, ఇంకో ఏడాదికి రాసిచ్చాం. ఇప్పుడు పుస్తకంలో పేర్లు రాయడం మానేశాం, నంబర్లు మాత్రమే. పక్క నుంచి వెళ్ళే ఏ గూడేన్నీ దాటిపోము. లోపలికి వెళ్ళి, ఎవరు పడుకుని ఉన్నారని అడిగి, చూసి వస్తాం. మా ఆయన తలలు లెక్కపెడుతూనే ఉన్నాడు. అలాంటి పలక మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

ఆ పలక నా దగ్గరే ఉంది. రంగు కొంచెం వెలిసింది కానీ ఉంగరాలు ఇంకా కనిపిస్తాయి. చదరం అలాగే ఉంది. అది నా చేతి పనే, ఎవరేమన్నా నేను అది కాదనను. ఆ వేలి మీద పోటు కూడా నాదే. ఆ రోజు నేను ఇప్పచెట్టు కిందే ఉన్నాను, గూడెం మొత్తం నన్ను చూసింది. ఈ మూడూ నిజం. ఈ మూడూ ఒకేసారి ఎలా నిజమయ్యాయో నాకు తెలియదు. తెలిసినట్టు నటించను.

అది ఎవరు పంపినా సరే, ఒకటి పంపగలిగినవాళ్ళకు రెండోది బరువా? అదే పెట్టె, అదే చెట్టు, అదే మధ్యాహ్నం. ఇంకో పలక పట్టే చోటు ఆ పెట్టెలో ఉంది. దీనికి జవాబు చెప్పకుండా దీన్ని అద్భుతం అనమంటే నేను అనను.

పడుకునే ముందు ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చుంటాం. మా ఆయన సుక్కి పేరు, ఆమె బిడ్డ పేరు చెప్పి స్తోత్రం అంటాడు. తర్వాత మంగి పేరు చెప్పి ఆగిపోతాడు. ఏమనాలో తెలియక, చివరికి ఆమెన్ అంటాడు.

నేను ఇంకా అనలేదు.